జీరో టికెట్, ఏడేళ్ల పాప, ఓరుగల్లులో ఒక వారం

కరీంనగర్‌లో బస్సెక్కగానే కండక్టర్ మా ఆధార్ కార్డులు చూసి రెండు జీరో టికెట్లు, అంటే ఆడవాళ్లకిచ్చే ఉచిత టికెట్లు, కొట్టి ఇచ్చాడు. పాప తన టికెట్ తిప్పి తిప్పి చూసింది. "సున్నా అంటే ఏం లేదని చెప్పినవ్ కదమ్మా, మరి కాయితం ఎందుకిచ్చిండు?" హుజూరాబాద్ దాటేదాకా నాకు సరైన జవాబు తట్టలేదు. పక్క సీటు పెద్దమ్మ నవ్వి, "ఏ బడి బిడ్డా నీది?" అంది. "ఇంట్లనే" అంది మా పాప. పెద్దమ్మ ఇక నవ్వలేదు, హనుమకొండ వచ్చేదాకా నన్నే చూస్తూ కూర్చుంది.

రెండేళ్లుగా పాపకు ఇంట్లోనే చదువు చెబుతున్నాను. ఈ ఫిబ్రవరిలో పుస్తకాలు మూసేసి వారం పాటు వరంగల్ చుట్టుపక్కల తిరుగుదామనుకున్నాం. రోజుకు మూడు చోట్ల లెక్కన పట్టిక వేసుకున్నాను. రెండో రోజుకే దాన్ని చింపేశాను. రోజుకొక్క చోటు, అదీ పొద్దున పూట. ఏడేళ్ల పిల్లకు అంతకు మించి ఎక్కదు.

మొదట దిగిన లాడ్జి బస్టాండు పక్కనే. తెల్లవార్లూ హారన్లు. వేడినీళ్లు ఎనిమిదింటికే బంద్. పైగా పాపకు వేరే పరుపు వేసినందుకు బిల్లులో మూడు వందలు కలిపారు, ముందు ఒక్క మాట కూడా చెప్పలేదు. మర్నాడే నక్కలగుట్ట వైపు మారాం. అద్దె రెండు వందలు ఎక్కువైనా నిద్ర పట్టింది. పిల్లలతో వెళ్లేవాళ్లు బస్టాండుకు దగ్గరని ఆశపడి గది తీసుకోకండి.

వేయిస్తంభాల గుడికి పొద్దున ఆరున్నరకే వెళ్లాం. 1163లో కాకతీయ రాజు రుద్రదేవుడు కట్టించిన గుడి. శివుడు, విష్ణువు, సూర్యుడు, మూడు గర్భగుళ్లు. పాప స్తంభాలు లెక్కపెడతానని మొదలుపెట్టి నలభై దగ్గర లెక్క తప్పింది. తర్వాత కల్యాణమంటపం సంగతి చెప్పాను. శిథిలమైన మంటపాన్ని రాళ్లు విప్పి, ఏళ్ల తరబడి పనిచేసి మళ్లీ నిలబెట్టారని, 2024 మార్చిలో తెరిచారని. "ఒక్క రాయి మిగిలిపోతే?" అంది. ఇంట్లో బ్లాకులతో ఆడినప్పుడల్లా ఒకటి మిగులుతుంది మరి.

వరంగల్ కోటలో మాత్రం పొద్దంతా ఉన్నాం. ఆటోవాళ్లు రానూపోనూ ఐదు వందలు అడిగితే బేరమాడి మూడు వందల యాభైకి ఒప్పించాను. తోరణాలంటే కాకతీయుల నాటి రాతి ద్వారాలు. వాటి దగ్గర టికెట్ ఉంది, పదిహేనేళ్ల లోపు పిల్లలకు ఉచితం. నాలుగు తోరణాలు నాలుగు దిక్కుల్లో, మధ్యలో కూలిపోయిన గుడి. దిక్కులు నేర్పడానికి ఇంతకంటే మంచి తరగతి గది నాకు దొరకలేదు. మధ్యలో నిలబెట్టి, సూర్యుడి వైపు తిరగమని, చేతులు చాపమన్నాను. నెల రోజులుగా కాగితం మీద కలిసిపోతున్న తూర్పు పడమరలు పది నిమిషాల్లో విడిపోయాయి. కరీంనగర్‌లో కమాన్ అనే పెద్ద ద్వారం ఉంది, అక్కడి పిల్ల కాబట్టి తోరణాన్ని "కమాన్" అనే పిలిచింది. తిరిగి వస్తుంటే ఒక సర్కారు బోర్డు మీద తోరణం బొమ్మ ఉన్న రాష్ట్ర చిహ్నం చూసి "అమ్మా, మన కమాన్!" అని అరిచింది. ఆ తర్వాత ఏ ఆఫీసు బోర్డు కనపడినా ఆగాల్సిందే.

ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి సీజన్‌లో పిల్లను తీసుకెళ్లడం నా తెలివితక్కువతనం. యార్డంతా ఎర్రటి కుప్పలు. పది నిమిషాలకే తుమ్ములు, కన్ను నలుపుకోవడం, ఏడుపు. ఒక హమాలీ అన్న నీళ్ల సీసా ఇచ్చి కళ్లు కడిగించాడు. అయితే తేజ మిర్చి, చపాటా మిర్చి పక్కపక్కన చూసింది. చపాటా టమాటాలా బొద్దుగా ఉంటుంది. రంగెక్కువ, కారం తక్కువ. 2025లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. వెళ్తే మూతికి గుడ్డ కట్టండి, అరగంటలో బయటపడండి.

ఈ వారంలో నాకు అన్నిటికంటే నచ్చింది కొత్తవాడ. అక్కడ జంపఖానాలు నేస్తారు. టికెట్ లేదు, గైడు లేడు. పని చేసుకునే ఇళ్లు కాబట్టి గడపలో నిలబడి అడిగాకే లోపలికి వెళ్లాం. ఒక పెద్దాయన "దా బిడ్డా, కూసో" అని మగ్గం పక్కన చోటిచ్చాడు. నిలువు దారం పడుగు, అడ్డంగా వచ్చేది పేక. రెండు ఎర్ర వరసలు, ఒక నల్ల వరస. ఆయన చెప్పకముందే పాప "ఇప్పుడు నల్లది, తాతా" అంది. నేను రంగు పూసలతో ఆరు వారాలు నేర్పిన పాఠం అది. పేకను దువ్వెనలాంటి పంజాతో కొట్టి బిగించడం ఆమె చేతికే ఇచ్చాడు. కొట్టిన నాలుగు వరసలూ వదులుగా వచ్చాయి. మేం లేచాక ఆయన వాటిని విప్పుకుని ఉంటాడు.

చివరి రెండు రోజులు రామప్ప గుడికి. ములుగు దాకా బస్సు, అక్కడి నుంచి గుడి ఉన్న పాలంపేటకు ఆటో. మేడారం జాతర ఉన్న ఏడాది మాఘమాసంలో మాత్రం ఈ దారి పట్టకండి, బస్సులో కాలు పెట్టే చోటుండదు. 1213లో కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి ఇది, 2021లో యునెస్కో జాబితాలో చేరింది. గైడు మంచివాడే కానీ పదో నిమిషానికి పాప ధ్యాస ఏనుగుల వరస మీదికి పోయింది. డబ్బిచ్చి, దండం పెట్టి పంపించేశాను. తొండాలు ఎటు తిరిగాయో చూసుకుంటూ గుడి చుట్టూ నడిచింది. ఎత్తు మడమల చెప్పులేసుకున్న బొమ్మ దగ్గర చాలాసేపు ఆగింది. పదకొండు దాటితే రాతిమీద కాళ్లు కాలుతాయి, మేజోళ్లు పెట్టుకెళ్లండి.

గోపురం ఇటుకలు నీళ్లలో తేలతాయని గైడు చెప్పింది మాత్రం వదల్లేదు. "చూపించు" అంటుంది. రాత్రి గదిలో బకెట్ నింపి, కాళ్లు రుద్దుకునే రాయి వేస్తే తేలింది. దారిలో ఏరుకొచ్చిన ఇటుక ముక్క మునిగింది. "మరి రామప్ప ఇటుక?" అంది. లోపల ఇడ్లీలో ఉన్నట్టు గాలి బొక్కలుంటాయని, అందుకే బరువు తక్కువని చెప్పాను. ఇడ్లీ తేలుతుందో లేదో చూడాలంది.

లక్నవరం చెరువుకు కూడా వెళ్లాం, ఆదివారం. వేలాడే వంతెన మీద సెల్ఫీల కోసం క్యూ తప్ప ఏమీ గుర్తులేదు. వారం మధ్యలో అయితే బాగుంటుందేమో. ఒక ప్రదర్శనశాలలో సగం మీటలు నొక్కినా పలకలేదు, దాని గురించి రాయడం దండగ.

ఇంటికొచ్చాక టిఫిన్‌లో ఇడ్లీ చేశాను. పాప చెంబు నిండా నీళ్లు తెచ్చుకుని కూర్చుంది.