రెండు జీబీ దగ్గర ఆగిపోయిన మా బ్లాకుల లెక్క

మాది చీమకుర్తిలో గ్రానైట్ ఫ్యాక్టరీ ఆఫీసు. బ్లాకుల కొలతలు, బిల్లులు, పార్టీల బాకీలు పదకొండేళ్లుగా మైక్రోసాఫ్ట్ యాక్సెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లోనే రాస్తున్నాను. ఫారాలు, రిపోర్టుల సంగతి అందరికీ తెలిసిందే. నేను చెప్పేది అందులో ఫైలుని కుదించి, బాగుచేసే 'కాంపాక్ట్ అండ్ రిపేర్' బటన్ గురించి. ఫైలు ఎంత ఉబ్బినా అది నొక్కితే చాలని కొత్తగా చేరినవాళ్లందరికీ చెప్పేదాన్ని.

పోయిన మార్చి నెలాఖరు. లారీ బయట సిద్ధంగా ఉంది. బిల్లు సేవ్ చేస్తే 'ఇన్‌వాలిడ్ ఆర్గ్యుమెంట్' అని వచ్చింది. సైజు నిండిందన్న మాటే లేదు. ఫారంలో తప్పుందేమోనని అరగంట వెతికాను. చివరికి ప్రాపర్టీస్ చూస్తే ఫైలు 1.99 జీబీ! యాక్సెస్ ఫైలుకి హద్దు 2 జీబీ. నమ్ముకున్న బటన్ నొక్కాను. కాసేపు తిరిగి, మళ్లీ అదే మాట. బిల్లు చేత్తో రాసి లారీని పంపేశాం. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

కారణం ఫొటోలు. ప్రతి బ్లాకు ఫొటో ఓఎల్ఈ కాలమ్‌లో, అంటే బొమ్మని డేటాబేస్ ఫైల్లోనే దాచే కాలమ్‌లో పెట్టేవాళ్లం. అక్కడ బొమ్మ బిట్‌మ్యాప్‌గా, అంటే కుదించని రూపంలోకి మారి సైజు ఎన్నో రెట్లు పెరగొచ్చు. ఆ బటన్ తీసేది డిలీట్ చేసినవి వదిలిన ఖాళీని మాత్రమే, ఉన్న ఫొటోలను కాదు.

మర్నాడు ముందు ఫైలుకి కాపీ తీసి పక్కన పెట్టాను. కొత్త ఖాళీ డేటాబేస్ తెరిచి, టేబుళ్లను ఒక్కోటి ఇంపోర్ట్ చేశాను. బాకీల టేబుల్ పూర్తిగా వచ్చినప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఫొటోల టేబుల్‌ని ముక్కలుగా వేరే ఫైల్లోకి పంపాను. చివరి బ్లాకు వరస మాత్రం పాడైపోయింది, కొలతల గళ్లలో అర్థంకాని గుర్తులు. సూపర్‌వైజర్ అన్న టేపు తీసుకుని, "రాయి ఎక్కడికీ పోదు కదమ్మా, మళ్లీ కొలుద్దాం పద" అన్నాడు. తెల్ల పెయింటు నంబరు చూసి ఆ బ్లాకుని వెతికి, పొడవు, వెడల్పు, ఎత్తు మళ్లీ రాసుకున్నాం.

ఇప్పుడు ఫొటోలు ఫోల్డర్‌లో ఉంటాయి, టేబుల్లో అవి ఎక్కడున్నాయో చెప్పే దారి (పాత్) మాత్రమే. ఆ బటన్ నెలకోసారి ఇప్పటికీ నొక్కుతాను, ముందు కాపీ తీశాకే. మాకు రెండే కంప్యూటర్లు కాబట్టి యాక్సెస్ సరిపోతోంది. నాలుగైదు యార్డుల లెక్క ఒకేచోట రాసేవాళ్లకైతే నేను గట్టిగా చెప్పలేను. నిన్న సాయంత్రం చూస్తే మా ఫైలు 74 ఎంబీ.