కర్నూలులో పట్టుచీరల డ్రైక్లీనింగ్: మిషన్ భేష్, వెనక గది కాదు

బళ్లారి చౌరస్తా వైపున్న ఈ షాపుకు ఐదుకు మూడున్నర. ఉతికిన తీరుకే మార్కులు వేస్తే నాలుగున్నర ఇవ్వాల్సిందే. ఒక మార్కు తగ్గింది వెనక గది వల్ల. డ్రైక్లీనింగ్ షాపు మంచిచెడ్డలు కౌంటర్ దగ్గర నిలబడితే తెలియవు కాబట్టి ఆ గది గురించి కాస్త ఎక్కువే రాస్తున్నాం.

ముందు మిషన్ సంగతి. చిన్న షాపుల్లో డ్రైక్లీనింగ్ అంటే ఇప్పటికీ చాలాచోట్ల పెట్రోల్ వాషే. తొట్టిలో ముంచడం, బ్రష్ కొట్టడం, పిండి మిద్దె మీద ఆరేయడం. ఆవిరంతా గాల్లోకే పోతుంది. ఇక్కడున్నది పర్క్‌తో నడిచే క్లోజ్డ్ మిషన్. పర్క్ అంటే పర్‌క్లోరోఇథిలీన్. ఉతకడం, పిండడం, ఆరబెట్టడం అన్నీ ఒకే డ్రమ్ములో జరుగుతాయి, పొడిగా వేసిన బట్ట పొడిగానే బయటికొస్తుంది. ఆరబెట్టే వేడిగాలిలో ఉన్న పర్క్ ఆవిరి చల్లటి కాయిల్‌కు తగిలి మళ్లీ ద్రవమై ట్యాంకులోకి దిగుతుంది. ఆ కాయిల్ దాటిన గాలి సుమారు 7 డిగ్రీలకు దిగాకే తలుపు తీయాలని అమెరికా నిబంధన. ఈ మిషన్‌కు ఆ వేడిని చూపే గేజి ఉంది, పనివాళ్లు దాన్ని చూసే తలుపు తీస్తున్నారు.

ఇది చిన్న విషయం కాదు. పెళ్లిళ్ల సీజన్లో రద్దీ పెరిగితే చాలా షాపులు మొదట కోసేది ఆరబెట్టే టైమునే. పర్క్ 121 డిగ్రీల దగ్గర మరుగుతుంది, తొందరపడితే బట్టలోనే ఉండిపోతుంది. ఆ తర్వాత స్టీమ్ ఇస్త్రీ తగలగానే ఆవిరై ముందుగా ఇస్త్రీ చేసే మనిషి ముక్కులోకి పోతుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ పర్క్‌ను మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం బాగా ఉన్న పదార్థాల జాబితాలో పెట్టింది. రోజుకు ఎనిమిది గంటలు ఆ టేబుల్ దగ్గరుండే మనిషి గురించి ఆలోచించాలి.

ఎండాకాలంలో ఇంకో చిక్కు. మన బోరునీళ్లలో సున్నం ఎక్కువ. ఆవిరిని ద్రవం చేసే కండెన్సర్‌ను వాటితోనే చల్లబరిస్తే గొట్టాల లోపల సున్నం పొర కట్టి చల్లదనం తగ్గుతుంది, ద్రవం కావాల్సిన ఆవిరి ఆవిరిగానే మిగిలిపోతుంది. ఇక్కడ గొట్టాలను ఎప్పటికప్పుడు యాసిడ్‌తో కడిగిస్తున్నారు. ఏప్రిల్, మే నెలల్లో కూడా బట్టలకు వాసన లేకపోవడానికి కారణం అదే.

పర్క్ వద్దనుకునే షాపులు కొన్ని ఎంటీఓ వాడతాయి. ఎంటీఓ అంటే మినరల్ టర్పెంటైన్ ఆయిల్, పేరులో టర్పెంటైన్ ఉన్నా అది పెట్రోలియం ద్రావకమే. క్యాన్సర్ భయం తక్కువే గాని మన ఊరికి నిప్పు భయం ఎక్కువ. దాని ఆవిరి అంటుకోగల ఉష్ణోగ్రత 40 డిగ్రీలకు అటూ ఇటూ. మే నెలలో కర్నూలులో రేకుల కప్పు కింద గది వేడి అంతకన్నా ఎక్కువే. పెట్రోల్‌కైతే ఏ కాలమైనా ఒకటే, చలికాలంలోనూ అంటుకుంటుంది. 30 లీటర్లు దాటి నిల్వ పెట్టాలంటే పెట్రోలియం చట్టం కింద లైసెన్సు ఉండాలి.

చీర విషయానికొస్తే, ధర్మవరం పట్టుచీర అంచు మీది నెయ్యి మరక ఆనవాలు లేకుండా పోయింది, జరీ నల్లబడలేదు. జిడ్డు తీయడంలో పర్క్‌కు సాటి తక్కువ. చెమట, కాఫీ, పంచదార మరకలు మాత్రం దానికి లొంగవు, అవి నీళ్లలో కరిగేవి. ఉతక్కముందే చేత్తో తీయాలి. జాకెట్టు చంకలో చెమట మరక అలాగే ఉండిపోయింది, అక్కడ అర మార్కు పోయింది. మరక దేనిదో కౌంటర్‌లో అడగలేదు, అడిగి ఉండాల్సింది. గమ్ముతో అతికించిన రాళ్లు, ప్లాస్టిక్ చమ్కీ ఉన్న చీరలను మాత్రం విడిగా తీసిపెట్టి, మడత లోపల ఒక మూల పరీక్షించాకే తీసుకుంటున్నారు. పర్క్‌లో గమ్ము కరిగి రాళ్లు ఊడిపోతాయి, కొన్ని రకాల ప్లాస్టిక్ మెత్తబడి అంటుకుపోతుంది.

ఇక వెనక గది. మురికిపట్టిన పర్క్‌ను స్టిల్ అనే పాత్రలో మరిగించి శుద్ధి చేస్తారు. అడుగున నల్లటి ముద్ద మిగులుతుంది, దాంట్లో మట్టి, రంగు, నూనె, దారపు పీచుతో పాటు పర్క్ కూడా ఉంటుంది. 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం అది ప్రమాదకర వ్యర్థమే. మూతపెట్టి, లేబుల్ అంటించి, మామూలుగా 90 రోజుల లోపల అనుమతి ఉన్న సంస్థకు అప్పగించాలి, ఆ అప్పగింతకు ఫారం 10 రాయాలి. ఇక్కడ ఆ ముద్ద మూతలేని రేకు డబ్బాలో, లేబుల్ లేకుండా, నాపరాళ్లు పరిచిన నేల మీద ఉంది. డబ్బా చుట్టూ తడి మరక ఉంది.

రెండోది సెపరేటర్ నీళ్లు. పర్క్‌తో కలిసి వచ్చిన నీటిని వేరుచేసే తొట్టే సెపరేటర్. పర్క్ నీటికన్నా 1.6 రెట్లు బరువు, అడుగుకు చేరుతుంది. పైన తేరిన నీళ్లు చూడ్డానికి తేటగా ఉంటాయి గాని లీటరుకు సుమారు 150 మిల్లీగ్రాముల దాకా పర్క్ కరిగి ఉంటుంది. తాగేనీటిలో అమెరికా ఒప్పుకునే హద్దు లీటరుకు 0.005 మిల్లీగ్రాములు. ఈ షాపులో ఆ నీళ్ల గొట్టం నేరుగా కాలువలోకే ఉంది. లెక్కకు చెప్పాలంటే ఒక్క లీటరు పర్క్ 32 కోట్ల లీటర్ల నీటిని ఆ హద్దుకు చేర్చగలదు. బరువైంది కాబట్టి నేల పగుళ్లలోంచి, గచ్చులోంచి కూడా కిందికి దిగుతుంది. రాతి పగుళ్లలో ఊరే నీళ్లే బోరుకు ఆధారమైన ఈ సీమలో ఒకసారి చేరితే తీయడం ఎవరి తరమూ కాదు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ ఊళ్లోకి వచ్చిన సంగతి అందరికీ తెలుసు. నేలమట్టంలో మూతలేని డబ్బా పెట్టేవాళ్లకు అది గుర్తుండాలి.

దీన్ని సరిదిద్దడానికి లక్షలు అక్కర్లేదు. బిగించే మూత ఉన్న ఇనుప డ్రమ్ము, దాని కింద కారినా పట్టుకునే లోతైన ట్రే, సెపరేటర్ నీళ్లకు రెండు కార్బన్ ఫిల్టర్లు, ఒక రిజిస్టరు చాలు. పర్క్‌లోని మురికిని పట్టే కార్ట్రిడ్జ్ ఫిల్టర్ మార్చేటప్పుడు దాన్ని దాని గూట్లోనే 24 గంటలు ఉంచి, పర్క్ కారిపోయాక తీయాలి. తలుపు గాస్కెట్‌ను, అంటే రబ్బరు పట్టీని, వారానికోసారి తడిమి చూడాలి, గట్టిపడితే మార్చాలి.

అసలు పర్క్‌కే రోజులు దగ్గరపడుతున్నాయి. కాలిఫోర్నియా 2023 నుంచి డ్రైక్లీనింగ్‌లో దాన్ని ఆపేసింది. అమెరికా 2024 డిసెంబరులో పదేళ్లలో పూర్తిగా మాన్పించేలా నియమం తెచ్చింది. మరకలు తీయడానికి ఒకప్పుడు వాడిన కార్బన్ టెట్రాక్లోరైడ్‌ను మన దేశం 2010 నాటికే పక్కనపెట్టింది. కాబట్టి ఇప్పుడు కొత్త మిషన్ కొనేవాళ్లు 60 డిగ్రీలు దాటితేగాని అంటుకోని హైడ్రోకార్బన్ రకాన్ని చూడటం మేలు. మరక తీయడంలో అది పర్క్ కన్నా మెత్తన, కానీ జరీకి, రంగుకు ఆ మెత్తదనమే మంచిది.

ధర పెట్రోల్ వాష్‌కు దాదాపు రెట్టింపు, అయినా న్యాయమే. చీర తీసుకునేటప్పుడు ఫాల్ కుట్టిన చోట మడత విప్పి వాసన చూడండి. రెండు పొరల మధ్య పర్క్ ఆలస్యంగా ఆరుతుంది. తియ్యటి ఘాటు తగిలితే అక్కడే తిరిగిచ్చి మళ్లీ ఆరబెట్టమని అడగండి. ఇంటికి తెచ్చాక ప్లాస్టిక్ కవర్ తీసేసి, కిటికీ దగ్గర నీడలో ఒక పూట ఆరేశాకే బీరువాలో పెట్టండి.