టెంపోరల్‌ రీసెట్ కమాండ్: బరంపురం చీరల ఆర్డర్ల మీద వాడిన అనుభవం

బరంపురంలో పట్టుచీరల దుకాణాలకు ఆన్‌లైన్ ఆర్డర్లు నడిపే సాఫ్ట్‌వేర్ మాది. అది టెంపోరల్ (మధ్యలో ఏది ఆగినా పనిని ఆగిన చోటినుంచే కొనసాగించే సాఫ్ట్‌వేర్) మీదికి మారి చాలాకాలమైంది. ఇప్పుడు రాస్తున్నది అందులో ఒక్క కమాండ్ గురించే: నడుస్తున్న వర్క్‌ఫ్లోను (అంటే ఒక ఆర్డర్‌కు మొదటినుంచి చివరిదాకా జరగాల్సిన పనుల వరసను) వెనక్కి తిప్పే 'టెంపోరల్ వర్క్‌ఫ్లో రీసెట్'.

మాది ఒడిశా. ఇచ్ఛాపురం పక్కూరే, కానీ అది ఆంధ్రప్రదేశ్. అక్కడికి చీర పంపితే ఐజీఎస్టీ (రాష్ట్రం దాటితే పడే పన్ను), మా రాష్ట్రంలోనే ఉన్న ఛత్రపురం పంపితే సీజీఎస్టీ, ఎస్జీఎస్టీ. పిన్‌కోడ్ ఇస్తే రాష్ట్రం పేరు చెప్పే బయటి సర్వీసు ఒకటి కొన్నాళ్లు ఇచ్ఛాపురం పిన్‌కోడ్ 532312కి కూడా ఒడిశా అనేసింది. తర్వాత వాళ్లు సరిచేశారు గానీ, అప్పటికే నడుస్తున్న ఆర్డర్లకు దాంతో ఒరిగిందేమీ లేదు. యాక్టివిటీ (వర్క్‌ఫ్లోలో ఒక్కో పని, ఈ పిన్‌కోడ్ అడగడం లాంటిది) పూర్తయిందంటే దాని జవాబు హిస్టరీలోకి, అంటే జరిగినవన్నీ వరసగా రాసుకునే చిట్టాలోకి, ఎక్కిపోతుంది. వర్కర్‌ను (ఆ పనులు నడిపే ప్రోగ్రాంను) ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా రీప్లేలో, అంటే చిట్టా చూసి వర్క్‌ఫ్లోను మళ్లీ నడిపేటప్పుడు, ఆ పాత జవాబే వస్తుంది. రీసెట్ లేకపోతే ఆ ఆర్డర్లన్నీ రద్దు చేసి మళ్లీ వేయాల్సిందే.

ముందు 'వర్క్‌ఫ్లో షో'తో హిస్టరీ చూడాలి. మా ఆర్డర్లలో 5వ ఈవెంట్ (చిట్టాలో ఒక్కో నమోదు) దగ్గర పిన్‌కోడ్ యాక్టివిటీ షెడ్యూల్ అవుతుంది, 7వ ఈవెంట్‌లో తప్పు జవాబు కూర్చుంది. ఆ యాక్టివిటీకి ముందున్న 4వది 'వర్క్‌ఫ్లో టాస్క్ కంప్లీటెడ్', అంటే తర్వాత ఏం చేయాలో వర్క్‌ఫ్లో తేల్చుకున్న చోటు. రీసెట్‌కి ఆ 4 ఇచ్చి, కారణం ఒక ముక్క రాస్తే పాత రన్ (వర్క్‌ఫ్లో ఒకసారి నడవడం) టెర్మినేట్ అయి, అదే వర్క్‌ఫ్లో ఐడీతో కొత్త రన్ మొదలవుతుంది.

నాకు దీనిమీద గురి కుదిరింది సిగ్నళ్ల దగ్గర. 'డబ్బు అందింది' అన్నది మాకు సిగ్నల్‌గా, అంటే నడుస్తున్న వర్క్‌ఫ్లోకు బయటినుంచి వచ్చే కబురుగా, వస్తుంది. రీసెట్ చేసిన చోటు తర్వాత వచ్చిన సిగ్నళ్లను అది తనంతట తానే కొత్త రన్‌కు మళ్లీ అందిస్తుంది. డబ్బు కట్టేసిన మనిషిని మళ్లీ అడగాల్సిన అవస్థ మాకు రాలేదు. ఇంకా కట్టనివాళ్లకు మాత్రం గడువు టైమర్ మొదటినుంచి లెక్క మొదలుపెడుతుంది.

జాగ్రత్తపడాల్సింది యాక్టివిటీల విషయంలో. ఆ చోటు తర్వాతవన్నీ మళ్లీ నడుస్తాయి. ఒక చీరకు స్టాకు రెండుసార్లు తగ్గకూడదంటే, చేసిన పనిని గుర్తుపట్టే కీ వర్క్‌ఫ్లో ఐడీతో కట్టాలి. రన్ ఐడీతో కడితే లాభం లేదు, రీసెట్‌తో అది మారిపోతుంది. బయట ఇప్పటికే జరిగిపోయినదాన్ని, ఉదాహరణకు వెళ్లిపోయిన ఎస్ఎంఎస్‌ను, ఈ కమాండ్ వెనక్కి తేలేదు.

ఆర్డర్లు ఎక్కువైతే క్వెరీ (ఏయే ఆర్డర్లో ఎంచే షరతు) ఇచ్చి ఒకేసారి, అంటే బ్యాచ్‌గా, రీసెట్ చేయొచ్చు. ఎన్నింటికి తగులుతుందో చెప్పి, సరేనా అని అడుగుతుంది. మా పిన్‌కోడ్ యాక్టివిటీ అన్నిటికంటే ముందుంది కాబట్టి 'ఫస్ట్ వర్క్‌ఫ్లో టాస్క్' రకం (మొట్టమొదటి టాస్క్ దగ్గరికి తిప్పేది) మాకు సరిపోయింది. మధ్యలో ఎక్కడో తప్పు పడితే నేను బ్యాచ్ జోలికి పోను, ఒక్కో ఆర్డర్ హిస్టరీ తెరిచి చూసుకునే చేస్తాను.