మిద్దెకు తెల్ల పెయింట్: అనంతపురంలో ఐదు ఎండాకాలాల తర్వాత నా అనుభవం

మా ఇల్లు అనంతపురంలో, 1998లో కట్టింది. కింద అద్దెకిచ్చాం, పైన మేము. పై అంతస్తులో ఉండేవాళ్లకు స్లాబు సెగ అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. మధ్యాహ్నం ఎండ అందరికీ ఒకటే. రాత్రి ఏడు, ఎనిమిది అయ్యేసరికి, బయట గాలి కాస్త చల్లబడే టైముకి, మా గదిలో పైకప్పు నుంచి వేడి దిగడం మొదలయ్యేది. ఫ్యాన్ వేస్తే ఆ వేడినే కిందికి తోసేది. కాంక్రీటు పగలంతా తాగిన ఎండ కొన్ని గంటలు ఆలస్యంగా లోపలికి దిగుతుంది కాబట్టి మాకు అసలు బాధ రాత్రి పూటే. అమ్మ మే నెలంతా మిద్దె మీదే మంచం వేసుకునేది, మోకాళ్ల నొప్పులు వచ్చాక మెట్లెక్కలేకపోయింది. అప్పుడు పట్టుకున్నాను ఈ పని.

2021 ఫిబ్రవరిలో తెల్ల ఎలాస్టోమరిక్ పెయింట్, అంటే షాపులో కూల్ రూఫ్ పెయింట్ అని అడిగితే ఇచ్చేది, నేనే వేశాను. ఐదు ఎండాకాలాలు చూశాక నా మాట ఇది: వేసుకోండి, తేడా నిజంగా ఉంటుంది, కాకపోతే ఏటా ఒకసారి కడిగే ఓపిక ఉంటేనే వేసుకోండి.

అంతకుముందు 2018లో సున్నం, వైట్ సిమెంట్, జిగురు కలిపి కొట్టాను. ఖర్చు రెండు వేల లోపే అయింది, ఆ ఎండాకాలం బాగానే పనిచేసింది. తర్వాత నడిచిన చోటల్లా పొడి రాలడం, ఆరేసిన బట్టలకు తెల్లగా అంటుకోవడం, రెండో ఏడు వానలకు సగం కొట్టుకుపోవడం. సున్నానికి వంక పెట్టను. ఏటా మార్చిలో మళ్లీ కొట్టగలిగేవాళ్లకు ఆ రెండు వేలతోనే పని జరుగుతుంది, అద్దె ఇళ్లలో ఉన్న స్నేహితులకు ఇప్పటికీ అదే చెప్తుంటాను.

పెయింట్ విషయానికొస్తే, మాది 900 అడుగుల స్లాబు. కొన్న షాపులో ఒక బకెట్, ఒక కోటింగ్ చాలన్నారు. చాలలేదు. 20 లీటర్ల బకెట్లు రెండు పట్టాయి, రెండు కోటింగులకు. పెయింట్, పగుళ్లలో నింపే పేస్టు, మెష్ టేపు, రోలరు అన్నీ కలిపి పన్నెండున్నర వేల దాకా అయింది. కూలి లేదు, నేనూ మా తమ్ముడూ చేసుకున్నాం.

వేయడం రెండు రోజుల పని, దానికి ముందు సిద్ధం చేయడం నాలుగు రోజుల పని. ఈ నాలుగు రోజులే అసలైనవి, దీని గురించి ఎంత చెప్పినా తక్కువే అనిపిస్తుంది నాకు. ఇరవై ఏళ్ల స్లాబు కదా, నీళ్ల ట్యాంకు పక్కన నల్లగా పాచి గట్టిపడిపోయి ఉంది. బ్లీచింగ్ పౌడర్ నీళ్లు పోసి నానబెట్టి, వైర్ బ్రష్‌తో గీకి, కడిగి, రెండు రోజులు ఎండబెట్టాం. పగుళ్లు ఎక్కడున్నాయో మామూలుగా చూస్తే కనపడవు. స్లాబంతా తడిపి ఆరేటప్పుడు కూర్చుని చూడండి, చుట్టూ ఆరిపోయి తెల్లబడ్డాక కూడా పగులు మాత్రం సన్నటి నల్ల దారంలా తడిగానే ఉంటుంది. వెంటనే సుద్దముక్కతో గీత గీసుకోవాలి, పది నిమిషాలు ఆగితే మళ్లీ మాయం. మాకు అట్లా పద్నాలుగు దొరికాయి. ఒక్కోదాన్ని ఉలితో కొంచెం వెడల్పు చేసి, దుమ్ము ఊది, పేస్టు నింపి, పెద్దవాటి మీద మెష్ టేపు అతికించి మళ్లీ పూశాను. మాకు తెలిసిన బేల్దారి ఒకాయన వచ్చి చూసి, "పగుళ్లు సరే అన్నా, పిట్టగోడ మూలలు చూసినావా? నీళ్లు దిగేది ఆడే" అన్నాడు. స్లాబూ పిట్టగోడా కలిసే మూల చుట్టూరా సిమెంటుతో వాలుగా పూసి, పెయింట్‌ను గోడ మీదికి కూడా జానెడు ఎత్తు ఎక్కించాం. ఆ మాట విన్నందుకు ఈ రోజుకీ మాకు ఆ మూలల్లో ఇబ్బంది లేదు.

వేసే టైము పొద్దున ఆరు నుంచి తొమ్మిది, మళ్లీ సాయంత్రం ఐదు తర్వాత. మొదటి కోటింగ్‌కు డబ్బా మీద రాసినంత నీళ్లు కలిపి పలచగా వేయాలి, అది కాంక్రీటులోకి ఇంకుతుంది. రెండోది చిక్కగా, మొదటిదానికి అడ్డంగా. నేను చేసిన తప్పు ఒకటి ఉంది. రెండో రోజు ట్యాంకు పక్కన చాప వెడల్పు ముక్క మిగిలిపోతే, ఎట్లాగూ అయిపోవచ్చింది కదా అని పదకొండు గంటలకు వేసేశాను. స్లాబు అప్పటికే కాలుతోంది. రోలర్ లాగుతుంటే పెయింట్ పాకంలా తీగలు సాగింది, కింద పట్టుకోకముందే పైన ఆరిపోయింది. రెండో ఏటికి ఆ ముక్క ఒక్కటే అప్పడంలా ఉబ్బి లేచింది, గోరుతో ఎత్తితే రేకులా ఊడి వచ్చింది, వెనకవైపు అంతా సిమెంటు పొడి. దాని పక్కనే పొద్దున వేసినదాన్ని స్క్రూడ్రైవర్‌తో గీకినా రాలేదు.

ఫలితం సంగతి. 250 రూపాయల గోడ థర్మామీటర్ ఒకటి పడకగదిలో పెట్టి రాత్రి ఎనిమిదింటికి చూసి నోట్‌బుక్‌లో రాసుకున్నాను. 2020 మే నెలలో చాలా రాత్రులు 38 చూపించింది, 2021 మేలో 35. మూడు డిగ్రీలేనా అనుకోవద్దు, పైకప్పు మీద చెయ్యి పెడితే ముందు కాలేది, ఇప్పుడు గోరువెచ్చగా కూడా ఉండదు. అమ్మ గదిలోనే పడుకుంటోంది. కూలర్ వాడే రోజులు తగ్గాయి, దాంతో కూలర్‌కు పోసే నీళ్లు కూడా. మన ఊళ్లో అది చిన్న విషయం కాదు. మిట్టమధ్యాహ్నం చెప్పుల్లేకుండా మిద్దె మీద నిలబడవచ్చు, పక్కింటి స్లాబు మీద మూడడుగులు వేయలేం. కొత్త తెల్ల పూత మీద పడిన ఎండలో సుమారు 80 శాతం వెనక్కి పోతుంది, మాసిపోయిన సిమెంటు స్లాబయితే ఇరవై, ముప్పై శాతమే.

అయితే ఆ 80 శాతం కొత్తలోనే. అనంతపురంలో ఏడాదికి పడేది 550 మిల్లీమీటర్ల చిల్లర వాన, అందులో ఎక్కువ భాగం ఆగస్టు నుంచి అక్టోబరు లోపలే. దానికి ముందు జూన్, జూలైల్లో ఆషాఢం గాలి, గాలిమరలు పెట్టింది ఊరికే కాదు మన జిల్లాలో. ఆ గాలికి ఎర్రమట్టి అంతా వచ్చి మిద్దె మీద కూర్చుంటుంది, కడిగేంత వాన వెంటనే రాదు. 2022, 2023 రెండేళ్లూ నేను పట్టించుకోలేదు, మిద్దె గోధుమ రంగుకు తిరిగింది, థర్మామీటర్ మళ్లీ 37 దగ్గరికి ఎక్కింది. పెయింట్ పోయిందేమో, డబ్బులు దండగేమో అనుకున్నాను. 2024 మార్చిలో ఒక మూల ఊరికే చూద్దామని చెంబెడు నీళ్లు పోసి పొరకతో రుద్దితే పాలు తక్కువైన టీలాంటి నీళ్లు కారాయి, కింద తెలుపు అట్లాగే ఉంది. ఆ రోజే మిగతాది కూడా కడగాలనిపించింది గానీ అన్ని నీళ్లు ఎక్కడివి? ట్యాంకర్ తెప్పించుకునే వీధి మాది. వారం రోజులు వాషింగ్ మెషీన్ చివరి జాడింపు నీళ్లు రెండు డ్రముల్లో పట్టి, ఆదివారం పొద్దునే కడిగాం. మెత్తటి పొరక చాలు, వైర్ బ్రష్, యాసిడ్ వద్దు, పెయింట్ పైపొర పోతుంది. ఆ మేలో మళ్లీ 35.

ఇక్కడ నాకు మా అవ్వ వాళ్ల ఊరు గుర్తొస్తుంది, ధర్మవరం దగ్గర. వాళ్లది మట్టి మిద్దె, పైన చౌడు పరిచేవాళ్లు. వానలకు ముందు ఏటా తాత చౌడు నేల నుంచి బండితో మట్టి తోలి, మిద్దె మీద పోసి, సమంగా తొక్కేవాడు. చౌడు వేయని ఏడు మిద్దె కురిసేది, అంతే లెక్క. అది మరమ్మతు అని ఎవరూ అనుకోలేదు, ఇంట్లో ఏటా ఉండే పని. సిమెంటు స్లాబు వచ్చాక మనం ఆ అలవాటు వదిలేశాం. ఈ పెయింట్‌ను నేనిప్పుడు ఆ చౌడు లెక్కలోనే చూస్తున్నాను.

కొన్ని ఇబ్బందులు కూడా ఉన్నాయి. మా ఎదురింటి పైభాగంలో ఉండే అత్త మొదటి ఏడు, "ఏం నాయనా, మధ్యాహ్నం కిటికీ తెరిస్తే కండ్లు చెదురుతుండాయి" అంది. నిజమే, నేను కూడా ఎండలో పైకి పోతే కూలింగ్ గ్లాసెస్ పెట్టుకుంటాను. చేతనైన సాయంగా వాళ్ల కిటికీకి ఒక వెదురు తెర కట్టించి ఇచ్చాను. తడిస్తే జారుతుంది, వాన రోజు పిల్లల్ని పైకి పంపం. ఎండుమిరపకాయలు నేరుగా ఆరబోస్తే ఎర్ర మరకలు పోవడం లేదు, పాత చీర పరిచి పోసుకోవాలి. ఇనుప మంచం ఈడ్చిన చోట గీతలు పడ్డాయి. నీళ్లు నిలిచే గుంత ఉంటే పెయింట్ అక్కడ నిలవదు, ముందు వాలు సరిచేయించుకోవాలి. మిద్దె ఇప్పటికే కురుస్తుంటే దీంతో ఆగుతుందని నమ్మొద్దు, మాకు బాత్‌రూమ్ మీద పైపు దగ్గర కారేది పైపు మార్చాకే ఆగింది. కింద పోర్షన్ వాళ్లకు తేడా ఏమీ తెలియలేదు. పడమటి గోడ సెగ పడమటి గోడదే.

2023లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ విధానం తెచ్చినప్పటి నుంచి హైదరాబాద్‌లో ఉన్న మా బంధువులు కూడా ఫోన్ చేసి ఏ కంపెనీది వేశావని అడుగుతున్నారు. కంపెనీ కన్నా పొద్దున ఎన్ని గంటలకు లేస్తారని నేను అడుగుతున్నాను.

ఈ ఫిబ్రవరిలో నాలుగు లీటర్ల డబ్బా తెచ్చి ట్యాంకు పక్కన లేచిపోయిన ముక్క గీకేసి మళ్లీ వేశాను, ఆరింటికే మొదలుపెట్టి ఏడున్నరకు ముగించాను. మొన్న వానలయ్యాక చూశాను, గట్టిగా పట్టుకుంది. మిగతా అంతా ఐదేళ్ల పాతది, అక్కడక్కడ పలచబడి కింద సిమెంటు కనపడుతోంది, వచ్చే ఫిబ్రవరికి మొత్తం మీద ఇంకో కోటింగ్ వేస్తాం. మూడో డ్రమ్ కూడా కొన్నాను, సంక్రాంతి నుంచి నీళ్లు పట్టడం మొదలుపెట్టాలి.