కొరత రోజుల్లో మా బ్రాడీపేట కిరాణా కొట్టు

గుంటూరు బ్రాడీపేటలో మేం నెలసరుకులు తెచ్చుకునే కిరాణా కొట్టుకి నేను ఐదుకి ఐదు స్టార్లు ఇస్తాను. 2020 మార్చి నుంచి మరుసటి ఏడు వేసవి దాకా, కరోనా వల్ల సరుకు దొరకని రోజుల్లో, ఆ కొట్టు ఎలా నడిచిందో దగ్గరుండి చూసి ఇస్తున్న స్టార్లు ఇవి. బోర్డు మీద అక్షరాలు ఎప్పుడో వెలిసిపోయాయి, మా వీధిలో అందరికీ అది బాబాయిగారి కొట్టే. ముందు కాటా, వెనక గోనె సంచులు, పైన డబ్బాలు, ఓ మూల పిన్నిగారు పొట్లాలు కట్టే బల్ల. ఏసీ లేదు, ట్రాలీ తోసుకుంటూ తిరిగే చోటూ లేదు.

కొరత ఎలా మొదలైందో చెబితేగానీ ఆయన చేసిన పని విలువ తెలియదు. మార్చి 22 ఆదివారం జనతా కర్ఫ్యూ, ఆ సాయంత్రమే రాష్ట్రంలో లాక్‌డౌన్ అన్నారు, 24 రాత్రి ఎనిమిదింటికి ప్రధాని టీవీలో దేశమంతా 21 రోజులు అన్నారు, తెల్లారితే శార్వరి ఉగాది. పచ్చడికి బెల్లం, చింతపండు కొనడానికి రావాల్సిన జనం మూణ్ణెల్ల సరుకు కోసం వచ్చారు. పైగా అది మామూలుగానే మన ఇళ్ళల్లో ఏడాదికి సరిపడా చింతపండు, ఎండుమిరపకాయలు, కందిపప్పు కొని పోసుకునే కాలం. ఏటా ఉండే గిరాకీ ఒకటి, భయంతో వచ్చిన గిరాకీ ఇంకొకటి, రెండూ ఒకే వారంలో కొట్ల మీద పడ్డాయి. దగ్గర్లోని ఒక పెద్ద సూపర్‌మార్కెట్‌లో ముందొచ్చినవాళ్ళు కార్ల డిక్కీలు నింపుకుని వెళ్ళిపోతే తర్వాత వెళ్ళినవాళ్ళకి బిస్కెట్ ప్యాకెట్ కూడా మిగల్లేదు. సరుకులు ఇంటికి తెచ్చిచ్చే ఒక యాప్‌వాళ్ళు మా దగ్గర ముందే డబ్బు కట్టించుకుని, రేపు రేపు అని మెసేజీలు పెట్టి, చివరికి ఆర్డరే రద్దు చేశారు. డబ్బు వెనక్కి వచ్చింది, కానీ ఆ పూట వండుకోవడానికి కావాల్సింది పప్పు కదా.

బాబాయిగారు ఉగాది పొద్దున్నే ఒక అట్టముక్క మీద రాసి కాటాకి కట్టారు. ఇంటికి కందిపప్పు రెండు కిలోలు, పంచదార రెండు కిలోలు, నూనె రెండు లీటర్లు, మళ్ళీ వారం తర్వాతే. ఎవరికి ఏమిచ్చిందీ డోర్ నంబరు వేసి పద్దు పుస్తకంలో రాసుకునేవారు. దీనికి ఆయన పడ్డ మాటలు అన్నీ ఇన్నీ కావు. పాతికేళ్ళుగా అక్కడే కొంటున్న ఒకావిడ నా ముందే గట్టిగా అడిగారు, “బాబాయిగారూ, డబ్బులిచ్చే కదా అడుగుతున్నాను, పది కిలోలు ఇవ్వడానికి మీకేంటి కష్టం?” అని. ఆయన కాటా మీంచి తల ఎత్తకుండానే, “నీకు పది ఇస్తే ఆ చివర నిలబడ్డ నలుగురికి ఏం చెప్పమంటావమ్మా? వాళ్ళూ నీలాగే పాత ఖాతానే కదా” అన్నారు. ఆవిడ కోపంగా వెళ్ళిపోయారు, వారం తిరక్కుండా మళ్ళీ వచ్చి ఆ రెండు కిలోలే తీసుకున్నారు. నా దృష్టిలో ఆ అట్టముక్కే ఆ కొట్టు చేసిన అన్నిటికన్నా పెద్ద సేవ. మా వైపు పప్పు లేక పొయ్యి వెలగని ఇల్లు ఒక్కటి కూడా నాకు తెలియదు, దానికి కారణం సరుకు ఎక్కువ ఉండటం కాదు, ఉన్నదాన్ని పంచడం.

ఆ రోజుల్లో ఏది దొరికింది, ఏది దొరకలేదు అన్నది గమనిస్తే చాలా విషయాలు తెలిశాయి. ప్యాకెట్లలో వచ్చేవి ముందు మాయమయ్యాయి: గోధుమపిండి, నూడుల్స్, బిస్కెట్లు, హ్యాండ్‌వాష్. అవి ఎక్కడెక్కడి ఫ్యాక్టరీల నుంచో రావాలి, అక్కడ పనివాళ్ళు ఊళ్ళకి వెళ్ళిపోయారు, లారీలు దారిలో ఆగిపోయాయి, వచ్చిన లారీని దించడానికి టోకు సరుకు దొరికే పట్నం బజారులో హమాలీలు లేరు. బియ్యానికి మాత్రం మాకు ఆ కష్టం రాలేదు. కృష్ణా డెల్టాలో ఉన్నాం, బాపట్లలో పుట్టిన బీపీటీ రకం బియ్యం మనదే, మిల్లులు చుట్టూ ఉన్నాయి. మినుములు కూడా అంతే, వరి కోశాక ఆ మాగాణుల్లోనే పండుతాయి, తెనాలి వైపు నుంచి మినపగుళ్ళు ట్రాలీ ఆటోలో వచ్చేవి. అందుకే చపాతీ పిండి కోసం ఊరంతా తిరుగుతున్నవాళ్ళకి పిన్నిగారు “ఇడ్లీ రవ్వ ఉంది, గుళ్ళు ఉన్నాయి, రాత్రికి ఇడ్లీ వేసుకోండి” అని చెప్పి పంపేవారు. షుగర్ ఉందని రాత్రిపూట చపాతీ తినే పెద్దవాళ్ళ ఇళ్ళకి మాత్రం ఉన్న కాస్త గోధుమపిండి పక్కన పెట్టి ఉంచేవారు. మా అత్తగారికి అలాగే ఇచ్చారు, నేను అడక్కముందే.

టైము ఇంకో సమస్య. మొదట పొద్దున ఆరు నుంచి మధ్యాహ్నం ఒంటిగంట దాకా కొట్లు తెరవనిచ్చారు, తర్వాత పట్టణాల్లో పదకొండుకే మూయమన్నారు, రాష్ట్రంలో ఎక్కువ కేసులున్న జిల్లాల్లో గుంటూరు కూడా చేరాక మాకు తొమ్మిది దాకానే. మూడు గంటల్లో ఇన్ని వీధుల జనం వచ్చి పడితే దూరం పాటించడం అయ్యే పని కాదు. అందుకని చీటీ ముందురోజు సాయంత్రం వాట్సాప్‌లో పెట్టమన్నారు, ఫోన్ వాడటం రాని పెద్దవాళ్ళయితే కాగితం మీద రాసి షట్టర్ కింద నుంచి తోసేవారు. రాత్రంతా బాబాయిగారు, పిన్నిగారు, వాళ్ళబ్బాయి కూర్చుని కట్టేవారు. బ్రాడీపేటలో లైన్లూ అడ్డరోడ్లూ నంబర్లతో ఉంటాయి కాబట్టి ఆ పద్ధతినే వాడుకున్నారు, ఈ లైను వాళ్ళు ఆరింటికి, ఆ లైను వాళ్ళు ఏడింటికి అని. ముగ్గుపిండితో గీసిన గుండ్రాల్లో నిలబడి, పేరు చెప్పి, సంచీ తీసుకుని వచ్చేయడమే. కొట్టు ముందు పోలీసులు ఒక్కసారి కూడా గట్టిగా అరవాల్సిన అవసరం రాలేదు.

రేషన్ కార్డు ఉన్నవాళ్ళకి మార్చి 29 నుంచి ఉచితంగా బియ్యం, కిలో కందిపప్పు అందాయి, ఏప్రిల్ 4న వాలంటీర్లు వెయ్యి రూపాయలు ఇళ్ళకి తెచ్చిచ్చారు. అది నిజంగా ఆదుకుంది. కానీ ఇక్కడ కార్డు లేనివాళ్ళ సంగతి? బ్రాడీపేట నిండా కోచింగ్ సెంటర్లు, హాస్టళ్ళు, గదుల్లో ఉండే కుర్రాళ్ళు. మెస్‌లు మూతపడ్డాయి, బస్సులు లేవు, పోటీ పరీక్షలకి చదువుకుంటూ ఇరుక్కుపోయిన పిల్లలకి స్టవ్ కూడా లేదు. వాళ్ళకి అటుకులు, వేయించిన శనగపప్పు, బెల్లం, పెరుగు ప్యాకెట్లు ఇచ్చేవారు. ఒక గదిలో కరెంటు కుక్కర్ ఉంటే పక్క గదుల వాళ్ళంతా కలిసి వండుకోండి అని పిన్నిగారు తనే కొలతలు చెప్పారు, గ్లాసు బియ్యానికి ఎన్ని నీళ్ళో కాగితం మీద రాసిచ్చి మరీ. డబ్బులు ఊరి నుంచి వచ్చాక ఇమ్మన్నారు. పక్క జిల్లాల నుంచి వచ్చి ఇక్కడ అపార్ట్‌మెంట్ పనుల్లో ఉండిపోయిన తాపీ మేస్త్రీలు, కూలీలు పది రూపాయల నూనె, ఐదు రూపాయల పొట్లం కారం అడిగేవారు. ఆ చిన్న పొట్లానికీ కిలో ధర లెక్కే కట్టేవారు, చిల్లరగా కొంటున్నారని రూపాయి ఎక్కువ వేయలేదు. రోజుకింత కొనుక్కుని వండుకునేవాళ్ళకి ఇది ఎంత పెద్ద విషయమో అలా బతికినవాళ్ళకి తెలుసు.

ధరల గురించి కూడా చెప్పాలి. ఆ మార్చిలోనే కేంద్రం మాస్కులనీ శానిటైజర్లనీ నిత్యావసర సరుకుల చట్టం కిందకి తెచ్చి, 200 మిల్లీలీటర్ల శానిటైజర్ బాటిల్ 100 రూపాయలు దాటకూడదని చెప్పింది. ఊళ్ళో కొన్నిచోట్ల అంతకన్నా ఎక్కువ తీసుకున్నారు, బిల్లు అడిగితే ఇవ్వలేదు. బాబాయిగారికి సప్లయర్ చెప్పిన రేటే వంద దాటిందట, ఆ రేటుకి తెచ్చి అమ్మలేనని శానిటైజర్ పెట్టడమే మానేశారు. “ఇంట్లో ఉండేవాళ్ళకి సబ్బు చాలమ్మా, డాక్టర్లే చెబుతున్నారు కదా” అని లైఫ్‌బాయ్ సబ్బులు ఇచ్చేవారు. నూనె ధర పెరిగినప్పుడు కొందరు అనుమానించారు. అప్పుడు పట్నం బజారు నుంచి వచ్చిన టోకు బిల్లు తెచ్చి గోడకి అంటించారు, మీరే చూసుకోండని. 2022లో ఉక్రెయిన్ యుద్ధంతో పొద్దుతిరుగుడు నూనె మళ్ళీ భగ్గుమన్నప్పుడూ అదే పని చేశారు, ఇంటికి ఇన్ని ప్యాకెట్లే అన్న లెక్క కూడా మళ్ళీ పెట్టారు.

ఇక ఆవకాయ. గుంటూరులో ఉండి దీని గురించి రాయకపోతే ఎలా. మిరప కోతల మధ్యలో మిర్చి యార్డు మూతపడింది, టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు, కల్లాల్లో, కోల్డ్ స్టోరేజీల్లో ఉండిపోయాయి. ఊరి చుట్టూ అంత మిరప పెట్టుకుని ఇంట్లో కారానికి వెతుక్కోవాల్సిన పరిస్థితి. బాబాయిగారు తెలిసిన రైతు దగ్గర నేరుగా కాయలు తెప్పించారు, పిండిమర ఆయన్ని ఒప్పించి తెల్లవారుజామున ఆడించి, ముందు పేరు రాయించుకున్నవాళ్ళకి కారం ఇచ్చారు. ఆవాలతోనే పేచీ వచ్చింది. అవి ఎక్కువగా రాజస్థాన్ నుంచి రావాలి, లారీలు లేవు. ఇంటికి పావుకిలో మించి ఇవ్వలేదు, ఆవకాయకి అది ఏ మూలకి? అప్పుడు పిన్నిగారు చెప్పిన మాటే మా వీధంతా విన్నారు. ఉన్న ఆవాలతో చిన్న జాడీ ఆవకాయ పెట్టుకుని, మిగతా మామిడికాయలు మాగాయ పెట్టండి, దానికి మెంతిపిండి ఉంటే చాలావరకు గడిచిపోతుంది అని. మెంతులకి కొరత లేదు. ఆ ఏడు మా ఇంట్లో మాగాయ ఊరగాయే ఎక్కువ, ఎండబెట్టిన ముక్క ఏడాదంతా చక్కగా నిలిచింది.

రెండో వేవ్ మరీ ఘోరం. 2021 మే 5 నుంచి మధ్యాహ్నం పన్నెండుకి కర్ఫ్యూ, ఈసారి సరుకు ఉంది, తెచ్చుకునే మనిషి లేడు. ఇంటిల్లిపాదీ జ్వరాలతో పడుకున్న ఇళ్ళు ఎన్నో. ఆ ఇళ్ళ వైపు చూడటానికే జనం భయపడుతుంటే వాళ్ళబ్బాయి సైకిల్ మీద వెళ్ళి గేటుకి సంచీ తగిలించి, ఫోన్ చేసి చెప్పి వచ్చేవాడు. మాకూ అలాగే వచ్చింది. మేం అడిగింది పాలు, బ్రెడ్డు. సంచీలో శొంఠి, మిరియాలు, నిమ్మకాయలు, గుడ్లు కూడా ఉన్నాయి. ఎందుకు పెట్టారని ఫోన్ చేస్తే, “జ్వరం తగ్గాక నీరసం వస్తుందమ్మా, రోజూ గుడ్డు తినాలి, పద్దులో రాశానులే, లేచాక చూసుకుందాం” అన్నారు పిన్నిగారు. ఆ మాటకి నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. చుట్టాలు కూడా ఫోన్‌లో జాగ్రత్తలు చెప్పి పెట్టేస్తున్న రోజులవి.

లోపాలు కూడా ఉన్నాయి. పప్పులో అప్పుడప్పుడూ రాళ్ళు వస్తాయి, ఏరుకోవాలి. బ్రాండ్లు తక్కువ, ఫలానా కంపెనీ ఓట్స్ కావాలంటే అక్కడ దొరకదు. అరువు తెలిసినవాళ్ళకే, కొత్తగా అద్దెకి దిగినవాళ్ళకి నమ్మకం కుదిరేదాకా నగదో ఫోన్‌పేనో ఇవ్వాల్సిందే. లాక్‌డౌన్‌లో ఆ కుర్రాళ్ళకి ఇచ్చింది ప్రత్యేకం, మామూలు రోజుల్లో ఆ వెసులుబాటు ఆశించకండి. బిల్లు చేత్తో రాసిస్తారు, ఆ రాత చదవడం కొంచెం కష్టం. బాబాయిగారి మాట కటువు, సరుకు చేత్తో కెలికితే ఊరుకోరు. నెల మొదటి వారంలో ఒక్కోసారి అరగంట పైనే నిలబడాలి.

ఇప్పుడు పది నిమిషాల్లో ఇంటికి తెచ్చే యాప్‌లు వచ్చాయి, మా అపార్ట్‌మెంట్‌లో చాలామంది వాటికే అలవాటు పడ్డారు, కొట్లో గిరాకీ తగ్గిందని వాళ్ళబ్బాయి చెప్పాడు. నేనూ అర్ధరాత్రి పాలప్యాకెట్ కావాలంటే యాప్‌లోనే తెప్పిస్తాను, అందులో తప్పేమీ లేదు. నెలసరుకులు మాత్రం ఇక్కడే. మళ్ళీ అలాంటి రోజులు వస్తే మన డోర్ నంబరు రాసుకున్న పద్దు పుస్తకం వీధిలో ఒకటి ఉండాలి, అది ఉండాలంటే ఆ కొట్టు ఈ మామూలు రోజుల్లో నడవాలి. బ్రాడీపేటలో ఉండేవాళ్ళు దయచేసి కనీసం పప్పులూ బియ్యం అయినా మీ వీధి కొట్లో కొనండి.

బాబాయిగారి కొట్టు పొద్దున ఆరున్నరకి తెరుస్తారు, మధ్యాహ్నం భోజనాల వేళ కాసేపు మూసి మళ్ళీ రాత్రి తొమ్మిది దాకా ఉంటుంది, ఆదివారం ఒంటిపూట. చీటీ ముందురోజు సాయంత్రం వాట్సాప్‌లో పెడితే ఇప్పటికీ పొద్దున్నే కట్టి ఉంచుతారు. మినపగుళ్ళు, చింతపండు, కారం కళ్ళు మూసుకుని తీసుకోవచ్చు, బిస్కెట్లు, గోధుమపిండి ప్యాకెట్లు మాత్రం తేదీ చూసి తీసుకోండి.