పెరటి కోళ్లకి పక్షుల వల: ఆకుపచ్చదే తీసుకోండి

దొడ్లో నాటుకోళ్లు పెంచుకుంటూ, డేగ కోడిపిల్లల్ని తన్నుకుపోతోందని వల కొందామనుకునేవాళ్లకి ముందే చెబుతున్నా, ఆకుపచ్చ రంగులో ముడులున్న లావు వలే తీసుకోండి. కనపడీ కనపడనట్టుండే తంగూసు (సన్నటి నైలాన్ దారం) వల ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు.

మేం అమలాపురంలో రొయ్యల చెరువుల సామాను అమ్మే షాపులో కొన్నాం. ముందు తంగూసుదే చూపించి, చెరువుల మీద పక్షులు వాలకుండా కట్టేది ఇదే, ఇంటికీ సరిపోద్ది అన్నారు. సరిపోదండీ. మన పెరట్లోకి దూకేది చాలాసార్లు జాలె డేగ. పావురమంతే ఉంటుంది. గద్దలా పైన గిరికీలు కొట్టదు, మామిడి కొమ్మల్లో నక్కి కూర్చుని ఒక్కసారిగా దూసుకొస్తుంది, ఆ వేగంలో సన్నటి దారం దానికి కనపడదు, రెక్క చిక్కుకుందంటే కొట్టుకున్నకొద్దీ ఇంకా బిగుసుకుంటుంది. పిల్లల్ని కాపాడుకోవాలని కట్టుకున్న వలలో డేగ చచ్చిపోతే ఏం బావుంటుంది? వల వేసి పట్టేయమని సలహా ఇచ్చేవాళ్లూ ఉన్నారు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం.

అన్నట్టు, తల తెల్లగా ఒళ్లు ఇటుక రంగులో ఉండి కాలవల మీద తిరిగేది గరుడ పక్షి. దాని చూపు ఎక్కువగా చేపలు, పీతల మీదే, దాన్ని చూసి టెన్షన్ పడక్కర్లేదు. ఉడతలు ఆపకుండా అరుస్తూ, కాకులు ఒకే చెట్టు చుట్టూ గోల చేస్తుంటే మాత్రం అక్కడ డేగ నక్కి ఉండొచ్చు, పిల్లల్ని లోపలికి తోలండి.

ఇక వల సంగతి. మేం కొన్నదాని కన్ను (దారాల మధ్య సందు) ముప్పావు అంగుళం, గట్టిగానే ఉంది, ఎండకి పెళుసుబారని రకం కావాలని అడిగి తీసుకోండి. కట్టాక ఒక్క పిల్లా పోలేదు. డేగ ఇప్పటికీ వస్తోంది, గోడ మీద వాలి తొండనో ఎలుకనో పట్టుకుపోతోంది, నాకు అన్నిటికంటే సంతోషం అదే.

లోపాలూ ఉన్నాయి. వలతో ఇచ్చే అంచు తాడు నాసిరకం, కొన్నాళ్లకే సాగి వల మధ్యలో వేలాడిపోయింది. వదులుగా వేలాడితే లావు వలలోనైనా కాళ్లు చిక్కుకుంటాయి, అందుకే కింద జీఐ తీగ లాగి బిగించాం. కొబ్బరి చెట్టు కింద అసలు కట్టకండి, ఎండుమట్ట ఒక్కటి పడితే చిరిగిపోతుంది. తుఫాను హెచ్చరిక వస్తే విప్పేయడమే మంచిది. మనిషి నిలబడి ఆకులు దులిపేంత ఎత్తులో కడితే పని తేలిక.

షాపువాళ్లు కొలత ప్రకారం కోసిస్తారు గానీ అంచు కుట్టరు. ఓడలరేవు వైపు వలలు బాగుచేసేవాళ్లని అడిగితే మంచి తాడు వేసి కుట్టిస్తారు, ఆ కూలి పెట్టుకోవడం మేలు.