ఉయ్యాల కొక్కేనికి పంచింగ్ బ్యాగ్: రెండేళ్ల తర్వాత

నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ బాక్సింగ్ టైటిల్ గెలిచినప్పుడు పట్టుకుంది నాకీ పిచ్చి. మా నాన్న వరండాలో ఉయ్యాల కోసం వేయించిన కొక్కేనికి రెండేళ్లుగా పంచింగ్ బ్యాగే వేలాడుతోంది. నాలుగడుగులది, రెక్సిన్ తొడుగు. చవకని ఖాళీది తెప్పించాను. మా బాబాయి మిర్చియార్డు నుంచి పాత గోతాలు తెచ్చిస్తే దులిపి కూరేశాను. మొదటి గుద్దుకే జిప్పులోంచి ఎర్రగా పొడి లేచింది. నాకు తుమ్ములు, పక్కింటి పిన్నిగారికి దగ్గు. అంతా బయటికి లాగి, టైలర్ దగ్గర గుడ్డ పీలికలు తెచ్చి నింపాను. 28 కిలోలు తూగింది.

పీలికలతో చిక్కేంటంటే, గుద్దగా గుద్దగా కిందికి దిగిపోతాయి. ఆరు నెలలకి పైన దూది, అడుగున బండరాయి. కడుపు ఎత్తులో ఒకటి కొట్టబోయి మణికట్టు మెలిపడింది, మూడు వారాలు చెయ్యెత్తలేదు. ఇప్పుడు మూడు నెలలకోసారి దించి మళ్లీ కూరుతున్నాను. నాలుగున్నర మీటర్ల పట్టీ చుట్టకుండా గ్లవ్స్ వేసుకోవడం లేదు.

ఇన్ని తిప్పలున్నా ఉంచుకున్నానంటే, ఇది అబద్ధం చెప్పదు. తోస్తే ఊగుతుంది, గుద్దు సరిగ్గా పడితే ఉన్నచోటే దబ్బున అదురుతుంది. నాలుగు నెలలు నా బ్యాగ్ ఉయ్యాలలాగే ఊగింది. భుజాల్లో సత్తా లేదనుకుని రోజూ దండీలు తీశాను. ఒకరోజు మా బాక్సింగ్ మాస్టారు వచ్చి చూసి, “తాడు మీద నడుస్తున్నావేంట్రా?” అన్నారు. నా రెండు పాదాలూ ఒకే వరసలో ఉన్నాయి! మా అమ్మనడిగి ముగ్గుపిండితో గీత వేశారు. ఎడమ పాదం గీతకి ఎడమపక్క ముందుకి, కుడిది కుడిపక్క వెనక్కి. మధ్యలో భుజాలంత ఎడం. మోకాళ్లు కాస్త వంచి, వెనక మడమ కొంచెం లేపి, గడ్డం దించి. “యార్డులో హమాలీ బస్తా వీపుకెత్తుకునేటప్పుడు చూడు, ఎవడైనా కాళ్లు దగ్గర పెట్టుకుంటాడా?” అన్నారు.

కుడిచేతి క్రాస్, అంటే వెనక చేత్తో సూటిగా వేసే గుద్దు, ఆ తర్వాతే వచ్చింది. బొద్దింకని నలిపినట్టు వెనక పాదం ముందరి భాగం మీద తిరగాలి. ఆ తిప్పుకి తుంటి కదులుతుంది, తుంటి వెంట భుజం, చివర్న పిడికిలి. తగలాల్సింది చూపుడు, మధ్యవేళ్ల కణుపులు. జాబ్‌లో, అంటే ముందున్న ఎడమచేత్తో సూటిగా వేసే గుద్దులో, వెళ్లినంత వేగంగా చెయ్యి గడ్డం దగ్గరికి రావాలి. ఇది నాకింకా సగమే వచ్చు.

బ్యాగ్ తిరిగి కొట్టదు, అదే దీని పెద్ద లోపం. జాబ్ వేస్తూ కుడిచెయ్యి దించేయడం నాకు తెలియకుండానే అలవాటైంది. మొదటి స్పారింగ్‌లో, అంటే ఎదురుగా మనిషితో చేసే సాధనలో, అవతలి కుర్రాడు మోచెయ్యి వంచి పక్కనుంచి వేసిన లెఫ్ట్ హుక్ సరిగ్గా కుడి చెంప మీద పడింది. అతను టెన్త్ చదువుతున్నాడు.

మళ్లీ కొంటే నింపిందే కొంటాను. రెక్సిన్‌కి ఎండ తగలనివ్వకండి, పగుళ్లిస్తుంది. నాదాన్ని చెప్పులు కుట్టేతను రెండుసార్లు కుట్టాడు, కంపెనీ కుట్టుకంటే అదే గట్టిగా ఉంది.